కళల సంతలో ముస్లిం చిత్రకారుడు: ఒక పరిశీలన

ఆదోని మార్కెట్ యార్డులో ప్రత్తి కొనే వ్యాపారి మొదట చేసే పని ఒకటుంది. కుప్పలోంచి పిడికెడు ప్రత్తి తీసి, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి లాగి, పింజ పొడుగెంతో బలమెంతో చూస్తాడు. చెయ్యి లోపలికి పోనిచ్చి తేమ చూస్తాడు, చెత్త చూస్తాడు. ఆ తర్వాతనే ధర మాట ఎత్తుతాడు. ఆ ధర రైతుకు నచ్చకపోవచ్చు. తూకం మీద, దలాలీ మీద తగవు పడవచ్చు. అయినప్పటికీ ఒక సంగతిలో ఇద్దరికీ భేదం లేదు. ముందు సరుకు, తర్వాత ధర.

ఈ కాలంలో చిత్రకళకు కూడా సంతలు వెలిశాయి. వాటిని ఆర్ట్ ఫెయిర్లంటున్నారు. ఢిల్లీలో 2008లో ‘ఇండియా ఆర్ట్ సమ్మిట్’ పేరుతో మొదలై, తర్వాత ‘ఇండియా ఆర్ట్ ఫెయిర్’గా పేరు మార్చుకొన్నది ఒకటి. 2007లో మొదలైన ‘ఆర్ట్ దుబాయ్’ మరొకటి. స్విట్జర్లాండుకు చెందిన ఆర్ట్ బాసెల్ సంస్థ 2013 నుంచి హాంకాంగులో నడుపుతున్నది ఇంకొకటి. గ్యాలరీలనే వ్యాపార సంస్థలు అద్దె కట్టి అక్కడ గదులు తీసుకొంటాయి. తమ చిత్రకారుల పనులను గోడలకు తగిలిస్తాయి. కొద్ది రోజుల్లో అమ్ముకొని వెళతాయి. షార్జాలో 1993 నుంచి, కొచ్చిలో 2012 నుంచి జరుగుతున్న బియెన్నాలేలు వేరు. అవి చూడడానికి పెట్టిన ప్రదర్శనలే కాని అంగళ్లు కావు. అయితే అక్కడ పేరు వచ్చినవానికి ఇక్కడ ధర వస్తుంది కనుక ఈ రెండింటికీ చుట్టరికం లేకపోలేదు.

ఈ సంతల్లో ఆసియా ఖండపు చిత్రకారుల సంఖ్య పెరుగుతోంది. అందులో ముస్లిం కుటుంబాలలో పుట్టినవారు తక్కువేమీ కాదు. వారిని గురించి మన సమాజంలో వినిపించే మాటలు రెండు రకాలు. ‘మనవాడు కోట్లు పలికాడు’ అనే గర్వం మొదటిది. ‘బొమ్మలు వేయడం హరాం, ఆ చర్చే అనవసరం’ అనే తిరస్కారం రెండవది. ఈ రెండు మాటలు అనేవారిలో చాలామంది ఆ పనులను చూసినవారు కారు. కుప్పలో చెయ్యి పెట్టకుండానే ఒకరు ధర చెబుతున్నారు, మరొకరు బేరం కాదంటున్నారు. ఆ పనులను చూసి, తూచి, మంచిచెడ్డలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. దానికి ఆదోని, ఎమ్మిగనూరులు ఎందుకు అవసరమో మున్ముందు తెలుస్తుంది.

ఆదోని చెప్పే పాఠం

కర్నూలు జిల్లా పడమటి మూలన ఉన్న ఆదోనిని ప్రత్తి మిల్లుల ఊరుగానే నేడు ఎరుగుదురు. కాని దక్కను చిత్రకళా చరిత్రలో ఈ ఊరికి ఒక స్థానం ఉంది. బిజాపూర్ ఆదిల్‌షాహీ రాజ్యం చివరి దశలో అక్కడ రాజప్రతినిధిగా పనిచేసిన హబ్షీ సర్దారు సిద్దీ మసూద్ ఖాన్ తర్వాత ఆదోని కోటకు వచ్చి స్థిరపడ్డాడు. ఊరిలోని జామియా మసీదు ఆయన కట్టించినదే. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ కోటను ముట్టడించినప్పుడు, ఫిరంగులను మసీదు వైపు తిప్పాడనీ, తన చేతులతో కట్టించిన మసీదు కూలడం చూడలేక మసూద్ ఖాన్ కోటను అప్పగించాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. అది ఎంతవరకు చరిత్రో అన్నది అటుంచితే, కోట కన్న కట్టడం విలువైనదని తలచిన మనిషిగా ఆయనను ఊరు గుర్తుంచుకొన్నదన్నది మాత్రం నిజం.

కోట పోయిన తర్వాత జరిగిన సంగతి ఇంకా ముఖ్యమైనది. మొగలుల తరఫున ఆదోనిలో అధికారం నెరపిన బికనేరు రాజు అనూప్ సింగ్ గొప్ప గ్రంథసేకర్త. 1698లో ఆయన ఆదోనిలోనే కన్నుమూశాడు. ఆయన కాలంలో దక్కనులోని చిత్రాలు, వ్రాతప్రతులు ఎన్నో ఎడారి దాటి బికనేరు కోటకు చేరాయి. బిజాపూర్ చిత్రకళను అధ్యయనం చేసేవారు నేటికీ బికనేరు సంగ్రహాన్ని ఆశ్రయించవలసి రావడానికి కారణం ఇదే. కత్తి ఎటుపోతే కళ అటుపోయింది. ఇప్పుడు కత్తికి బదులు డబ్బు వచ్చింది. కళ మాత్రం ఎప్పటిలాగే తాను పుట్టిన ఊరు విడిచి, కొనగలిగిన ఊరికి పోతోంది.

కనుక సంతను చూసి ఆశ్చర్యపోవలసింది లేదు. మసీదు కట్టినవాని పేరు ఊరికి తెలుసు. బికనేరు చేరిన బొమ్మలను గీసినవారిలో ఎక్కువమంది పేర్లు ఎవరికీ తెలియవు. ఈ రెండవ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. వ్యాసం చివర దానికే తిరిగి రావలసి ఉంది.

తెర, దుప్పటి, ధాన్యం కుప్ప

చిత్రాల విషయంలో ఇస్లాం వైఖరిని చెప్పేటప్పుడు సాధారణంగా నిషేధం దగ్గరే ఆగిపోతారు. హదీసు గ్రంథాలలో ఉన్న సందర్భాలను కాస్త వివరంగా చూస్తే సంగతి మరింత స్పష్టమవుతుంది. హజ్రత్ ఆయిషా (రజి) ఇంటిలో బొమ్మలున్న తెరను వేలాడదీయగా దైవప్రవక్త (సల్లం) అసంతృప్తి చెందారు. ఆ తెరను చించి దిండు గలీబులుగా కుట్టారు. వాటిని వాడుకొన్నారు కూడా. మరొక సందర్భంలో అంచుల మీద నగిషీ ఉన్న దుప్పటి కప్పుకొని నమాజు చేసిన ప్రవక్త (సల్లం) దానిని అబూ జహ్మ్ (రజి) వద్దకు పంపి, ఆయన వద్ద ఉన్న సాదా దుప్పటిని తెప్పించుకొన్నారు. నగిషీ నమాజులో మనసును లాగుతోందన్నది కారణం. బొమ్మలు వేసి బ్రతికే ఒక మనిషి సలహా కోరినప్పుడు, చెట్లు, ప్రాణం లేని వస్తువులు వేసుకొమ్మని ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పారు.

ఈ మూడు సందర్భాలలో మూడు ప్రశ్నలు ఉన్నాయి. బొమ్మను ఎక్కడ ఉంచారు? అది మనసును ఎటు లాగుతోంది? దానివల్ల బ్రతికే మనిషి గతి ఏమిటి? ప్రాణుల రూపాలు వేయడాన్ని మెజారిటీ ఫుఖహా నిషేధించారు. నీడ పడని చదును చిత్రాల విషయంలో మాలికీ పండితులలో కొంత సడలింపు ఉంది. ఆ చర్చను ఇక్కడ తీర్చడం సాధ్యం కాదు, అది ముఫ్తీల పని. కాని కళా విమర్శకునికి ఆ మూడు ప్రశ్నలు ఎంతో ఉపయోగపడతాయి. అవి బొమ్మను మాత్రమే చూసి ఊరుకోవు. చూసేవానిని, చేసేవానిని కూడా లెక్కలోకి తీసుకొంటాయి.

నాలుగవ ప్రశ్న బజారుకు సంబంధించినది. దైవప్రవక్త (సల్లం) బజారులో ఒక ధాన్యం కుప్పలోకి చెయ్యి పోనిచ్చి, లోపల తడి తగలగా, దాన్ని పైకి కనిపించేటట్టు ఎందుకు పెట్టలేదని వ్యాపారిని నిలదీశారు. కొనే ఉద్దేశం లేకుండా పోటీపాట పాడి ధర పెంచడాన్ని కూడా ఆయన నిషేధించారు. ఫిఖహ్ గ్రంథాలు దీనినే ‘నజష్’ అంటాయి. కళల సంతకు ఈ గజం వేసి చూస్తే ఏం తేలుతుంది? అక్కడ చాలా పనుల మీద ధర వ్రాసి ఉండదు. అడిగినవానిని బట్టి జవాబు ఉంటుంది. ఒక చిత్రకారుని పనులు తన వద్ద నిలవ ఉన్నవాడు వేలంలో అదే చిత్రకారుని ధర పడిపోకుండా తానే పాట పాడడం ఆ వ్యాపారంలో ఎరుగని సంగతేమీ కాదు. ఒక పని గొప్పదని దాని ధరను సాక్ష్యంగా చూపేవారు ఈ తడిని మరువకూడదు.

నలుగురి పనులు

ఇక పనులను చూద్దాం. వ్యాసం పరిధికి నలుగురిని తీసుకొన్నాము. నలుగురూ ఆసియాలో పుట్టినవారే. ప్రాణుల రూపాల మీద ఆధారపడకుండా కాగితం, గీత, దారం, అక్షరం వీటితో చేసిన వీరి పనులనే ఇక్కడ పరిశీలిస్తున్నాము.

జరీనా హాష్మీ 1937లో అలీగఢ్‌లో జన్మించింది. ముస్లిం విశ్వవిద్యాలయంలో గణితం చదివింది. తండ్రి అక్కడే చరిత్ర ఆచార్యులు. పారిస్‌లో ముద్రణకళ నేర్చుకొని, ఎన్నో దేశాలలో బ్రతికి, చివరకు న్యూయార్క్‌లో స్థిరపడి, 2020లో మరణించింది. 2011లో వెనిస్ బియెన్నాలేలో మొట్టమొదటిసారిగా భారతదేశానికి జాతీయ మంటపం ఏర్పాటైనప్పుడు అందులో పాల్గొన్నవారిలో ఆమె ఒకరు. 1999లో చేసిన ‘ఇల్లు ఒక పరాయి చోటు’ అనే ముప్పై ఆరు కొయ్యచ్చు చిత్రాల సంపుటి ఆమె పనులలో ప్రసిద్ధమైనది. ఒక్కొక్క చిత్రం ఒక ఉర్దూ మాట చుట్టూ అల్లుకొన్నది. ఘర్, చౌఖట్, దర్వాజా ఇత్యాది. మాట కింద నస్తాలీఖ్‌లో ఉంటుంది. పైన రెండో మూడో గీతలు. ద్వారానికి నిలువు గీత, ఇంటికి నేలపటం. గణితం చదివిన చెయ్యి కనుక ఒక్క గీతకూడా ఎక్కువ ఉండదు.

ఈ పని బలం దాని పొదుపులో ఉంది. ఇల్లు పోయినవాని దుఃఖాన్ని కన్నీళ్లతో చెప్పడం తేలిక, నేలపటంతో చెప్పడం కష్టం. జరీనా రెండవ దారి పట్టింది. అయితే ఆదోని పాఠకుడు ఈ చిత్రాల ముందు నిలబడితే ఒక చిత్రమైన అనుభవం కలుగుతుంది. చౌఖట్ అన్న మాట అతనికి తెలుసు. తల్లి రోజూ అన్న మాటే. కాని అతను చదువుకొన్నది తెలుగులో కనుక ఆ అక్షరాలను కూడబలుక్కోవలసి వస్తుంది, లేదా అసలే చదవలేడు. న్యూయార్క్‌లో కొన్న సంపన్నునికి అక్షరమూ తెలియదు, మాటా తెలియదు. అతనికది ఒక అందమైన నగిషీ. జరీనా దుఃఖం అలీగఢ్ షరీఫు కుటుంబపు విశాలమైన ఇంటి దుఃఖం. దక్కనీ మాట్లాడి, తెలుగు చదివి, కన్నడం అర్థం చేసుకొనే ఆదోని ముస్లింకు ఇల్లు ఉంది, ఊరు ఉంది, లేనిది లిపి. ఆ లోటు గురించి ఏ చిత్రకారుడూ ఇంకా చెప్పలేదు. జరీనా పనిలో ఇది తప్పని కాదు. ఆమె చూపిన దారిలో ఇంకా నడవవలసిన దూరం ఉందని మాత్రమే తాత్పర్యం.

నస్రీన్ మొహమ్మదీ కూడా 1937లోనే కరాచీలో పుట్టింది. లండన్, పారిస్‌లలో చదివి, 1972 నుంచి బరోడా విశ్వవిద్యాలయంలో బోధించి, 1990లో మరణించింది. చిన్న కాగితాల మీద సిరాతో, పెన్సిలుతో, ఇంజనీర్లు వాడే కొలపరికరాలతో గీసిన సన్నని గీతలు ఆమె పనులు. రంగు లేదు, రూపం లేదు, ఎక్కువ వాటికి పేరు కూడా లేదు. నాడీ సంబంధమైన వ్యాధితో చేతులు స్వాధీనం తప్పుతున్న రోజులలోనూ ఆ గీతలు వణకలేదు. బ్రతికి ఉండగా ఆమెను ఎరిగినవారు కొద్దిమంది. మరణానంతరం, 2016లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తన కొత్త శాఖ తలుపులు తెరిచినప్పటి ప్రారంభ ప్రదర్శనలలో ఈమెది ఒకటి.

పాశ్చాత్య విమర్శకులు కొందరు ఈమెను అమెరికా చిత్రకారుల పక్కన కూర్చోబెడతారు. మరికొందరు ముస్లిం పేరు చూడగానే ఇస్లామీయ రేఖాగణితం అంటారు. రెండూ సోమరితనాలే. ఎమ్మిగనూరులో పడుగు సాగదీయడం చూసినవానికి ఈ గీతలు వేరేగా కనిపిస్తాయి. వందల పోగులు ఒకే బిగువులో ఉండాలి. ఒక్కటి సడలినా, ఒక్కటి తెగినా గుడ్డలో తెలిసిపోతుంది. నేతగాడు తెగిన పోగును వెతికి అతికే ఓర్పు ఒక విధమైన ఏకాగ్రత. నస్రీన్ కాగితం మీద ఉన్నది ఆ ఓర్పే. దానిని ఇబాదత్ అనడం అతిశయోక్తి అవుతుంది. ఆమె అలా చెప్పుకోనూ లేదు. కాని మనసును చెదరగొట్టని పని ఇది. అబూ జహ్మ్ (రజి) సాదా దుప్పటిని తలపించే పని. నలుగురిలోనూ ఈమెకే మొదటి స్థానం ఇవ్వడం న్యాయం.

ఆయిషా ఖాలిద్ 1972లో ఫైసలాబాదులో పుట్టి, లాహోర్ నేషనల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్‌లో సూక్ష్మచిత్రకళ నేర్చింది. బట్టలో వేలాది బంగారు పూత గుండుసూదులు గుచ్చి ఆమె చేసిన పనులు ప్రదర్శనలలో అందరినీ ఆకర్షించాయి. ఒక వైపు నుంచి చూస్తే పూలు, తీగలు, శాలువా అంచు. వెనుకకు వెళితే సూది మొనలు. అందం వెనుక గాయం ఉందన్న భావం. చేతిపనిలో శ్రద్ధ మెచ్చదగినది. కాని చెప్పదలచిన మాట ఒక్క చూపుతో అర్థమైపోతుంది. ముందుకు వచ్చి, వెనుకకు వెళ్లి చూసిన తర్వాత కంటికి మిగిలేది మెరుపే. సంతలో నడిచే మనిషి ఒక్కొక్క గది ముందు అర నిమిషం నిలబడతాడు. ఆ అర నిమిషానికి సరిపోయే కొలతలో పనిని కత్తిరించుకొనే ప్రమాదం ఇక్కడ ఉంది. ఆమె చిన్న కాగితపు చిత్రాలలో ఇంతకన్న లోతు కనిపిస్తుంది. వాటిని చదవడానికి మాత్రం ఎక్కువసేపు నిలబడాలి.

నాలుగవవాడు అజర్‌బైజానుకు చెందిన ఫాయిగ్ అహ్మద్. 1982లో పుట్టాడు. ఇతని పని తివాచీలు. సగం వరకు అచ్చమైన సాంప్రదాయిక తివాచీ. మిగతా సగం మైనంలా కరిగి నేలమీదికి జారినట్టు, లేదా చెడిపోయిన టెలివిజన్ తెరలా చదరాలుగా చెదరిపోయినట్టు ఉంటుంది. నమూనాను ఇతను కంప్యూటరు మీద తయారుచేస్తాడు. నేసేది సాంప్రదాయిక నేతగాళ్లు. సంప్రదాయం ఈ కాలంలో ఎట్లా చెదరిపోతున్నదో చూపడం ఉద్దేశం.

తెలివైన పని, సందేహం లేదు. కాని ఎవరి సంప్రదాయం చెదరిపోతోంది, ఎవరికి చెదరిపోతోంది? నేతగానికి సంప్రదాయం కంప్యూటరు తెర మీద చెదరిపోలేదు. మరమగ్గం వచ్చి చెదిరింది, నూలు ధర పెరిగి చెదిరింది, కొడుకు మగ్గం వదిలి కూలికి పోయినప్పుడు చెదిరింది. ఆ నేతగాని చేతులతోనే ఆ చెదరడాన్ని నేయించి, గోడ మీద ఒకే పేరు వ్రాసినప్పుడు, పనిలో చెప్పిన మాటకూ పని జరిగిన తీరుకూ పొసగడం లేదు. నలుగురిలోనూ మన్నన తగ్గించవలసింది ఇక్కడే.

హుసేన్ ఉదంతం

సంత గురించి మాట్లాడి మక్బూల్ ఫిదా హుసేన్ పేరెత్తకపోవడం వీలుకాదు. 1915లో పండరిపురంలో పుట్టి, బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పైకి వచ్చిన మనిషి. హైదరాబాదుతో గాఢమైన అనుబంధం ఉండి, 1999లో అక్కడ ‘సినిమా ఘర్’ స్థాపించాడు. హిందూ దేవతల చిత్రాల విషయమై ఆయన మీద అనేక కేసులు పెట్టగా, 2008 మే 8న ఢిల్లీ హైకోర్టు తన ముందున్న వాటిని కొట్టివేసింది. అయినా అదే సంవత్సరం ఆగస్టులో జరిగిన మొదటి ఆర్ట్ సమ్మిట్‌లో భద్రతా కారణాలు చూపి ఆయన పనులను పెట్టనివ్వలేదు. నిరసనగా ‘సహమత్’ సంస్థ ఢిల్లీలోనే విడిగా ప్రదర్శన నడిపింది. 2011 జనవరిలో పెట్టారు, బెదిరింపులు రాగా తీశారు, మళ్లీ పెట్టారు. అప్పటికే ఖతరు పౌరసత్వం తీసుకొన్న హుసేన్ ఆ జూన్‌లో లండన్‌లో మరణించాడు.

దీనికి ముందు 2004లో జరిగిన మరొక సంగతిని మనవారు మరచిపోతారు. ఆయన తీసిన ‘మీనాక్షి’ చిత్రంలోని ఒక పాట విషయమై ఉలమా సంస్థలు అభ్యంతరం చెప్పగా ఆయన ఆ చిత్రాన్ని థియేటర్ల నుంచి ఉపసంహరించుకొన్నాడు. పవిత్ర వాక్కు పట్ల గౌరవాన్ని కోరే హక్కు ముస్లింలకు ఉంది. తమ దేవతల పట్ల గౌరవాన్ని కోరే హక్కు హిందువులకూ అంతే ఉంది. కాని రెండు సందర్భాలలోనూ పనిని చూసి వాదించి తేల్చే అవకాశం మిగలలేదు. భయమే తీర్పు చెప్పింది. ఒకరి విషయంలో స్వేచ్ఛను కోరి, తమ వంతు వచ్చినప్పుడు మౌనాన్ని కోరడం న్యాయం అనిపించుకోదు.

ఆయన 1954లో వేసిన ‘గ్రామయాత్ర’ దశాబ్దాలపాటు ఓస్లో నగరంలోని ఒక ఆస్పత్రి గోడకు ఉండి, 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో దాదాపు 118 కోట్ల రూపాయలు పలికింది. అప్పటికి ఏ భారతీయ చిత్రమూ అంత ధర పలకలేదు. ఆ చిత్రం 2025లో కొత్తగా గొప్పది కాలేదు. ఆస్పత్రి గోడ మీద ఉన్ననాడు ఎంత గొప్పదో ఇప్పుడూ అంతే. మారింది కొనేవాని జేబు. 2008లో ఆయన పనులకు ఒక గోడ ఇవ్వడానికి జంకిన బజారే ఆయన ధరను ఇప్పుడు కొండ మీద పెట్టింది. బజారు ఇచ్చే గౌరవాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

మగ్గం మీద పేరు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో గంట ప్రయాణం. ఆదోనిది ప్రత్తి, ఎమ్మిగనూరుది మగ్గం. 1938లో మాచాని సోమప్ప చొరవతో అక్కడ ఏర్పడిన చేనేత సహకార సంఘం దేశంలోని పేరుపొందిన సంఘాలలో ఒకటిగా నిలిచింది. ఎమ్మిగనూరు దుప్పట్లు ఆంధ్రదేశమంతటా ఇళ్లలోకి వెళ్లాయి. ఆదోని జంపఖానాలకు కూడా మద్రాసు రాజధాని రోజులలో పేరుండేది. ఊరి పేరు నిలిచింది, సంఘం పేరు నిలిచింది. నేసినవాని పేరు మాత్రం ఏ దుప్పటి అంచు మీదా లేదు. ఈనాడు మగ్గాల చప్పుడు కూడా తగ్గింది.

పేరు లేకపోవడం వినయమని, ఇస్లామీయ కళాకారుడు తన పేరును అల్లాహ్ మహిమలో కలుపుకొన్నాడని కొందరు అందంగా వ్రాస్తారు. ఇది సగం నిజమే. ఖత్తాతులు తమ వ్రాతప్రతుల చివర పేరు వ్రాసుకొన్నారు. కట్టడాల మీద, లోహపు పాత్రల మీద పనివారి పేర్లు కనిపిస్తాయి. పేరు వదులుకోవడం వినయం కావచ్చు. పేరు వ్రాసుకొనే అవకాశమే లేకపోవడం వినయం కాదు. దానికి వేరే పేరుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. 2023లో సౌదీ అరేబియా ప్రభుత్వం జిద్దా విమానాశ్రయంలోని పశ్చిమ హజ్ టెర్మినల్‌లో ఇస్లామీయ కళల బియెన్నాలే మొదలుపెట్టింది. గుడారాల వంటి ఆ కప్పులను రూపొందించినవారిలో ఢాకాకు చెందిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ ముఖ్యుడు. 1982లో ఆయన జిద్దాలోనే మరణించాడు. 2025లో జరిగిన రెండవ బియెన్నాలేలో సమకాలీన చిత్రకారుల పనులతో పాటు, పవిత్ర కాబా గృహపు కిస్వాను పూర్తిగా ప్రదర్శించారు. మక్కా వెలుపల అట్లా ప్రదర్శించడం అదే మొదటిసారి అని ప్రకటించారు.

శతాబ్దాలపాటు కిస్వా ఈజిప్టు నుంచి వచ్చేది. అక్కడి నుంచి రావడం ఆగిపోయినప్పుడు, 1927లో రాజు అబ్దుల్ అజీజ్ మక్కాలో కిస్వా కార్ఖానా పెట్టించాడు. అందులో మగ్గాల మీద కూర్చున్నవారు హిందూస్తాన్ నుంచి వెళ్లిన నేతగాళ్లు. మధ్యలో కొన్నేళ్లు తిరిగి ఈజిప్టు నుంచే వచ్చి, 1962 నుంచి మళ్లీ మక్కాలోనే తయారవుతోంది. ముస్లిం ప్రపంచమంతా కళ్లకద్దుకొనే ఆ నల్లని పట్టు మన దేశపు చేతుల మీదుగా ఒకనాడు వెళ్లింది. ఆ రాజు పేరు పుస్తకాలలో ఉంది. ఆ నేతగాళ్ల పేర్లు తమ పిల్లలకు చెప్పే తండ్రి మన సమాజంలో ఒక్కడైనా కనిపించడు. ఆదోని నుంచి బికనేరు వెళ్లిన బొమ్మల సంగతీ ఇంతే, నేటి తివాచీల సంగతీ ఇంతే.

అక్కడ ఉన్నది కొనడానికి కాదు, అమ్మడానికి కాదు. సంత కోసం నేసిన సరుకు కాదు కిస్వా. దాని ఎదుట సంతలోని ధరలన్నీ చిన్నబోతాయి. కాని అంత గొప్ప పనిలోనూ నేసిన చేతిని మరచిపోవడం మానవుల లోపమే. అల్లాహ్ వద్ద ఆ పేర్లు భద్రంగా ఉన్నాయన్న విశ్వాసం మన బాధ్యతను తగ్గించదు.

చేయవలసినది

ఆదోని బజారులో ఇరవై ముప్పై ఏళ్ల కిందట దుకాణాల బోర్డులు చేతితో వ్రాసేవారు. ఒకే మనిషి తెలుగు, ఉర్దూ, కన్నడం మూడు లిపులూ వ్రాసేవాడు. అలిఫ్ నిలువును, తెలుగు తలకట్టును ఒకే కుంచెతో తీర్చేవాడు. ఫ్లెక్సీ వచ్చి ఆ కుంచెను మూలన పెట్టింది. హుసేన్ మొదలైంది కూడా అటువంటి కుంచెతోనే. బొమ్మలు గీసే చెయ్యి ఉన్న పిల్లవాడు ఈనాడు ఆ ఊళ్లో పుడితే అతనికి రెండు దారులు కనిపిస్తాయి. ఇంట్లో హరాం అంటారు కనుక మానివేయడం ఒకటి. లేదా ఇల్లు విడిచి, సంత మెచ్చే తీరు నేర్చుకొని, తన ముస్లిం పేరును కూడా సరుకులో భాగంగా అమ్ముకోవడం. మూడవ దారి చూపవలసిన బాధ్యత ఎవరిది?

ఇబ్నె అబ్బాస్ (రజి) తన ముందుకు వచ్చిన మనిషిని నిషేధం చెప్పి పంపివేయలేదు. బ్రతకడానికి ఏది వేయవచ్చునో కూడా చెప్పారు. మన మదరసాలు ఖత్తాతీని తిరిగి పాఠ్యాంశంగా పెట్టుకోవచ్చు. దానితో పాటు తెలుగు అక్షరాన్ని కూడా ఆ శ్రద్ధతోనే వ్రాయించవచ్చు. మసీదు కమిటీలు జానమాజ్‌లు కొనేటప్పుడు విదేశీ మిల్లు సరుకుకు బదులు ఎమ్మిగనూరు మగ్గం మీద సాదాగా నేయించుకొని, అంచున నేతగాని పేరు, అతను ఏ మతస్థుడైనా సరే, నేయమని అడగవచ్చు. ఇందుకు కోట్లు అక్కరలేదు.

మూడవది విమర్శ. ముస్లిం చిత్రకారుడు ఎంత పలికాడని అడగడం మాని, ఏం చేశాడు, ఎవరి చేతులతో చేశాడు, చూసినవాని మనసును ఎటు తిప్పాడు అని అడగడం నేర్చుకోవాలి. నస్రీన్ గీతకూ ఫాయిగ్ తివాచీకీ ఉన్న తేడా ఆ ప్రశ్నలతోనే తెలుస్తుంది, ధరతో తెలియదు. కుప్పలోకి చెయ్యి పోనిచ్చి చూడడం ప్రవక్త (సల్లం) బజారులో నేర్పిన పని. ఆదోని యార్డులో చదువురాని రైతుకు కూడా అది తెలుసు. చదువుకొన్నవారు దానిని చిత్రాల ముందు మరచిపోకూడదు.

సత్యాన్ని సత్యంగా చూసే చూపును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక!